చేబదులు పుస్తకం

మా అమ్మమ్మ పోయిన పదకొండో రోజున, భోజనాలు అయిపోయి చుట్టాలు ఒక్కొక్కరే బస్సు టైము చూసుకుంటున్నప్పుడు, అవతలి వీధి ఆయన ఒకాయన మామయ్య పక్కన వచ్చి కూర్చున్నాడు. కాసేపు అవీ ఇవీ మాట్లాడి, లేచేముందు, "పెద్దమ్మకి మేం రెండు నాట్లు బాకీ ఉన్నాం. ఎప్పుడంటే అప్పుడు వస్తాం" అన్నాడు. ఇలాంటి రోజున ఆ మాటెందుకులే అంటాడేమో మామయ్య అనుకున్నాను. అనలేదు. "సరే, కింది మడి దున్నినాక కబురు పెడతా" అన్నాడు. ఆయన తల ఊపి వెళ్ళిపోయాడు. చావింట్లో బాకీ మాట ఎత్తినందుకు ఎవరూ నొచ్చుకోలేదు. అమ్మ ముఖంలో అయితే ఏదో తృప్తి కూడా కనిపించింది.

ఊరు టేకులపల్లి మండలంలో ఉంటుంది. ఇల్లెందు నుంచి కొత్తగూడెం పోయే దారిలో దిగి లోపలికి పోవాలి. ఒకపక్క సింగరేణి బొగ్గు, ఇంకోపక్క అడవి. పాత ఖమ్మం జిల్లా, 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. నేను పుట్టింది అక్కడే, పెరిగింది మాత్రం సెలవుల్లోనే. మిగతా అంతా ఖమ్మం, తర్వాత ఇంజనీరింగు, తర్వాత హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రెండు నాట్లు అంటే ఏమిటో ఈ వ్యాసం చదివేవాళ్ళలో కొందరికి తెలియకపోవచ్చు. మా చేనుకి మీరొచ్చి ఒకరోజు వరినాటు వేస్తారు, డబ్బు ఇవ్వం. మీ చేను పడ్డప్పుడు మేమొచ్చి ఒకరోజు వేస్తాం. దీన్నే బదులు అంటారు, బదులుకు పోవడం అంటారు. బజారుకెళ్తూ జేబులో లేక పక్కవాడి దగ్గర తీసుకునే వంద రూపాయల్ని చేబదులు అంటాం కదా, ఆ బదులే ఇది. వడ్డీ లేదు, కాగితం లేదు, గడువు అంటే 'ఉన్నప్పుడు'.

ఆ రెండు నాట్ల మాట నన్ను అంతగా పట్టుకోవడానికి ఒక కారణం ఉంది. అంతకు మూడేళ్ళ ముందు నేను సరిగ్గా ఇదే పని చేయడానికి ఒక యాప్ రాశాను. దాని పేరు కూడా 'చేబదులు'. పద్నాలుగు నెలలు నడిచి చచ్చిపోయింది.

మేముండే అపార్ట్‌మెంట్‌లో 140 ఫ్లాట్లు. కోవిడ్ రెండో వేవ్ తర్వాత, పక్క ఫ్లాటువాళ్ళ పేర్లు కొత్తగా తెలుసుకున్న ఆ రోజుల్లో, నలుగురం కూర్చుని అనుకున్నాం: ఒకరికి ఒకరు చేసుకునే సాయాన్ని ఒక పద్ధతిలో పెడదామని. గంట సాయానికి పది పాయింట్లు. పిల్లల్ని చూడటం, లెక్కలు చెప్పడం, ఆసుపత్రికి దింపడం, కరెంటు పని, వంట. చేరిన ప్రతి ఫ్లాటుకీ మొదట యాభై పాయింట్లు. 62 ఫ్లాట్లు చేరాయి. ఇలాంటివి ప్రపంచంలో చాలా ఉన్నాయని అప్పటికే చదివాను. 1983లో కెనడాలోని కోమాక్స్ లోయలో మైకేల్ లింటన్ అనే ఆయన లెట్స్ అనే పద్ధతి మొదలుపెట్టాడు. చేతుల్లో పని ఉన్నా జేబుల్లో డాలర్లు లేని చోట, జనం తమలో తాము 'ఆకుపచ్చ డాలర్లు' రాసుకున్నారు. పని చేయించుకున్నవాడి ఖాతాలో మైనస్, చేసినవాడి ఖాతాలో ప్లస్, అంతే. అమెరికాలో ఎడ్గర్ కాన్ అనే న్యాయవాది టైమ్ బ్యాంకు ఆలోచన తెచ్చాడు. అక్కడ డాక్టరు గంటా, తోటమాలి గంటా ఒక్కటే. ఈ రెండోది నాకు భలే నచ్చింది. ఇంజనీర్లకి ఇలాంటివి త్వరగా నచ్చుతాయి. రెండు పట్టికల డేటాబేసు, ఒక నియమం, అందులోంచి ఒక మంచి సమాజం.

మొదటి మూడు నెలలు నిజంగానే బాగుంది. ఆ మాట దాచను. అర్ధరాత్రి రెండింటికి ఒకాయనకి గుండెల్లో నొప్పి వస్తే, ఎప్పుడూ పలకరించని ఐదో అంతస్తు కుర్రాడు కారు తీశాడు. కొత్తగా కాన్పయిన ఒకమ్మాయికి, పుట్టింటివాళ్ళు దూరంగా ఉంటే, వారానికి మూడు మధ్యాహ్నాలు నిద్ర దొరికింది. సాయం అడగడానికి మొహమాటపడే మనుషులు, పాయింట్లు ఉన్నాయి కదా అని ధైర్యంగా అడిగారు. లెక్క అనేది అడిగేవాడికి గౌరవం ఇస్తుంది. ఈ మాట మీద నాకు ఇప్పటికీ నమ్మకం ఉంది.

తర్వాత అందరూ సంపాదించడం మొదలుపెట్టారు, ఖర్చుపెట్టడం మానేశారు. ముందుముందు అవసరం పడుతుందేమో అని దాచుకున్నారు. మొత్తం 3100 పాయింట్లలో ఎక్కువ భాగం పదకొండు ఖాతాల్లో నిద్రపోతోంది. ఇది కొత్త జబ్బు కాదని తర్వాత తెలిసింది. వాషింగ్టన్‌లో క్యాపిటల్ హిల్ దగ్గర నూట యాభై జంటల దాకా ఉన్న ఒక బేబీసిట్టింగ్ సహకార సంఘానికి ఇదే జరిగింది. ఒకరి పిల్లల్ని ఒకరు చూసుకుంటూ కూపన్లు మార్చుకునేవాళ్ళు. అందరూ కూపన్లు దాచుకోవడంతో ఎవరూ సాయంత్రం బయటికి వెళ్ళలేదు, అందువల్ల ఎవరికీ పిల్లల్ని చూసే అవకాశం దొరకలేదు. స్వీనీ దంపతులు 1977లో దాని మీద ఒక వ్యాసం రాస్తే, తర్వాత పాల్ క్రూగ్‌మన్ ఆ కథని ఆర్థికమాంద్యం అంటే ఏమిటో చెప్పడానికి వాడుకున్నాడు. వాళ్ళు చివరికి కూపన్లు ఎక్కువ అచ్చేశారు. నేనూ తలా ఇరవై పాయింట్లు ఎక్కువ ఇచ్చాను. కొంచెం కదిలింది. ఇంకా కదలాలని ఆస్ట్రియా వాళ్ళ మందు వేశాను. 1932లో వెర్గెల్ అనే చిన్న ఊరి మేయరు, పని లేక జనం అల్లాడుతుంటే, ఊరి సొంత నోట్లు అచ్చేశాడు. ఆ నోటు మీద నెలకి ఒక శాతం విలువైన స్టాంపు కొని అంటించకపోతే అది చెల్లదు. అంటే దాచుకుంటే కరిగిపోయే డబ్బు. రోడ్లు వేశారు, వంతెన కట్టారు, బకాయి పన్నులు వసూలయ్యాయి. మరుసటి ఏడు ఆ దేశపు కేంద్ర బ్యాంకు ఆపించేసింది. నేను నెలకి రెండు శాతం కరిగేలా పెట్టాను. మా దగ్గర ఆపించడానికి కేంద్ర బ్యాంకు అవసరం రాలేదు. "మా పాయింట్లు ఎందుకు తగ్గాయి" అని ఆ ఒక్క వారంలో పంతొమ్మిది మెసేజులు వచ్చాయి.

కానీ యాప్ చచ్చింది దీనివల్ల కాదు.

మూడో అంతస్తులో ఒక పెద్దావిడ ఉండేవారు. రిటైర్డ్ టీచరు, ఒంటరి. మోకాలి ఆపరేషన్ అయ్యాక ఫిజియోథెరపీకి వారానికి రెండుసార్లు ఎవరో ఒకరం కార్లో దింపేవాళ్ళం. ఆవిడ ఖాతా మైనస్ 180కి వెళ్ళింది. యాప్‌లో అందరి బ్యాలెన్సూ అందరికీ కనిపిస్తుంది. లింటన్ పద్ధతిలోనూ అంతే, దాచిపెడితే నమ్మకం రాదని ఆయన వాదన. మైనస్‌ని నేను ఎర్ర రంగులో చూపించాను. అదేమంత ఆలోచించి చేసింది కాదు, అప్రమేయంగా అలా వచ్చింది. ఆవిడ మెల్లగా ఆటోలో వెళ్ళడం మొదలుపెట్టారు. ఒకరోజు సాయంత్రం స్టీలు డబ్బాలో సున్నుండలు తెచ్చి ఇచ్చి, "వీటికి ఎన్ని మార్కులు వేస్తారు బాబూ?" అని అడిగారు. వెటకారం లేదు. నిజంగా అడిగారు. అంతకుముందు రెండేళ్ళుగా ఆవిడ ఆ కారిడార్‌లో మా పిల్లలకి పద్యాలు నేర్పారు, ఆవకాయ పంచారు, తాళం మర్చిపోయినవాళ్ళ పిల్లల్ని కూర్చోబెట్టుకున్నారు. అదేదీ ఎక్కడా రాసి లేదు. నేను యాప్ పెట్టిన రోజు నుంచి మాత్రమే ఆవిడ జీవితం మొదలైనట్టు లెక్క వేశాను.

డేవిడ్ గ్రేబర్ 2011లో రాసిన అప్పు చరిత్ర పుస్తకం చాలామంది చదివే ఉంటారు. పాఠ్యపుస్తకాల్లో చెప్పే కథ, ముందు జనం వస్తుమార్పిడి చేసుకునేవాళ్ళనీ, అది ఇబ్బందిగా ఉండి డబ్బు కనిపెట్టారనీ, ఎక్కడా ఆధారం దొరకని కథ అంటాడు ఆయన. దానికన్నా నాకు గుర్తుండిపోయింది నైజీరియాలోని తివ్ జనం గురించి చెప్పిన సంగతి. అక్కడ పొరుగావిడ గుడ్లు ఇస్తే, తిరిగి ఇచ్చేటప్పుడు సరిగ్గా అంతే విలువ ఇవ్వకూడదు. కొంచెం ఎక్కువో, కొంచెం తక్కువో ఇవ్వాలి. సరిసమానంగా ఇస్తే నీతో నాకిక పని లేదని అర్థం. దీనికి నైజీరియా దాకా పోవాలా? పక్కింటి నుంచి కూర వచ్చిన గిన్నెని మన ఇళ్ళల్లో ఖాళీగా పంపరు. నిండుగానూ పంపరు. చిటికెడు చక్కెర వేసైనా పంపుతారు. ఆ చక్కెరని నేను యాప్‌లో ఎంటర్ చేయమన్నాను.

యాప్ మూసేసిన మీటింగులో ఇంకొకటి జరిగింది, దాని సంగతి తర్వాత చెప్తాను.

పెద్దకర్మ అయిన మర్నాడు అటక సర్దుతుంటే తాతయ్య పుస్తకం దొరికింది. ఎర్ర గుడ్డ అట్ట, పొడవాటి ఖాతా పుస్తకం. ఆయన మధిర వైపు నుంచి 1950ల్లో ఈ అడవి అంచుకి వలస వచ్చారు. చదివింది తక్కువే గానీ దస్తూరి ముత్యాల్లా ఉంటుంది. ముందు పేజీల నుంచి అంతా బదులు లెక్కలు. ఫలానా ఇంటికి నాట్లు మూడు, వాళ్ళ నుంచి కోతలు రెండు. ఒక అరకకి మూడు నాట్లు. ఎడ్లతో సహా అరక తెచ్చిన మగవాడి ఒక రోజుకి, బురదలో వంగిన ఆడవాళ్ళ మూడు రోజులు. అందరి గంటా ఒక్కటే అనే ఎడ్గర్ కాన్ ఇది చూస్తే ఏమనేవాడో.

అమ్మ పక్కన కూర్చుని నా చేతిలోంచి పుస్తకం తీసుకుంది. ఒక పేజీ మీద వేలు పెట్టి, "ఇది నేను పోయిన నాటు. ఇదీ నేనే. ఇది నేనూ మీ పెద్దమ్మా" అంది. పదమూడేళ్ళప్పుడు. బడి మానిపించి. "రాసింది మీ తాత పేరు. వంగింది మా నడుములు. మంచోడు, ఎవరికి సాయం కావాలన్నా సరే అంటాడు అని ఊళ్ళో ఆయనకి పేరు. ఆ సరే తీర్చడానికి మమ్మల్ని పంపేవాడు." తర్వాత ఇంకో మాట అంది. పెళ్ళయి ఖమ్మం వచ్చాక మొదటిసారి ఒక బట్టలకొట్లో పనికి కుదిరి, నెలాఖరున చేతిలో నోట్లు పెట్టుకున్నప్పుడు, ఇవి ఎవరికీ తిరిగి ఇవ్వక్కర్లేదు కదా అని రెండుసార్లు లెక్కపెట్టుకుందట.

బదులు వ్యవస్థ గురించి పట్నంలో కూర్చుని మురిసిపోయే మా బోటివాళ్ళు అమ్మ లాంటివాళ్ళని అడగరు. డబ్బు మనుషుల్ని విడగొడుతుందంటాం. నిజమే. కానీ విడిపోవాల్సిన అవసరం ఉన్న మనుషులు కూడా ఉంటారు. కూలి తీసుకుని ఇంటికొచ్చిన మనిషి ఆ సాయంత్రానికి ఎవరికీ బాకీ లేదు. పన్నిద్దరు ఆయగాళ్ళకి కళ్ళంలో కొలిచి ఇచ్చిన గింజల గురించి, ఎంత అందమైన పరస్పర జీవనమో అని రాసిన వ్యాసాలు చదివాను. మంగలి కొడుకు మంగలిగానే, చాకలి కూతురు చాకలిగానే ఉండకపోతే ఆ అందం నడవదు. వెట్టిచాకిరీ కూడా పైనుంచి చూస్తే డబ్బు లేని మారకమే.

అలాగని డబ్బు ఉంటే చాలు అనడానికీ లేదు. 2016 నవంబర్ 8 రాత్రి తర్వాత మా ఊళ్ళో పత్తి తీసే కాలం. కూలీలకి ఇవ్వడానికి నోట్లు లేవు. బ్యాంకు మండల కేంద్రంలో, దాని ముందు తెల్లారుజాము నుంచి క్యూ. అప్పుడు ఊరి కిరాణా కొట్టాయన సిగరెట్ పెట్టె అట్టముక్కల మీద అంకె వేసి సంతకం పెట్టి రైతులకి ఇచ్చాడు. రైతులు అవి కూలీలకి ఇచ్చారు. కూలీలు కొట్లో బియ్యం, నూనె తెచ్చుకున్నారు. రెండు వారాల్లో ఆ అట్టముక్క టీ కొట్లోనూ, పిండి మిల్లులోనూ చెల్లింది. మామయ్య ఈ కథ ఎప్పుడు చెప్పినా నవ్వుతూ చెప్తాడు. నేను అందులో ఒక మొత్తం ఆర్థికశాస్త్రం చూస్తాను. పని ఉంది, చేసేవాళ్ళున్నారు, తిండి ఉంది, మధ్యలో తిరగాల్సిన కాగితం ఒక్కటే మాయమైంది. ఆ కాగితాన్ని ఊరే సృష్టించుకుంది. వెర్గెల్ మేయరు చేసింది అదే కదా. అన్నట్టు మన రిజర్వు బ్యాంకు చట్టం 31వ సెక్షన్ ప్రకారం, తెచ్చినవాడికి అడగ్గానే చెల్లించే హామీ పత్రాన్ని బ్యాంకూ ప్రభుత్వమూ తప్ప ఇంకెవరూ జారీ చేయకూడదు. అట్టముక్క ఆ లెక్కలోకి వస్తుందో రాదో లాయర్లు చెప్పాలి. కెన్యాలో 2013లో మొంబాసా మురికివాడ ఒకదానిలో బంగ్లాపెసా పేరుతో చిన్న వ్యాపారులు ఇలాంటి కూపన్లు నడిపితే నిర్వాహకుల్ని అరెస్టు చేశారు, తర్వాత కేసు ఎత్తేశారు. మనకి రూపాయి చిల్లరకి చాక్లెట్ ఇచ్చే ప్రతి కొట్టువాడూ ఓ చిన్న రిజర్వు బ్యాంకే, ఎవరూ పట్టించుకోరు.

అయితే ఆ అట్టముక్కలు అందరికీ చెల్లలేదు. ఛత్తీస్‌గఢ్ నుంచి వలస వచ్చి అడవిలో గుంపులుగా ఉండే గొత్తికోయలు కూడా ఆ ఏడు పత్తికి వచ్చారు. కొట్టాయనకి వాళ్ళ ముఖాలు తెలియవు, వాళ్ళకి ఆయన సంతకం తెలియదు. వాళ్ళకి నోటే కావాలి. నోట్లు లేవు కాబట్టి కొందరికి పని లేదు. నమ్మకం మీద నడిచే డబ్బు, నమ్మకం ఎంతదూరం పోతుందో అంతదూరమే పోతుంది. దానికి అవతల ఉన్నవాడికి రాజముద్ర ఉన్న కాగితమే దిక్కు. ఎవరో తెలియనివాడి చేతిలో కూడా చెల్లడం, డబ్బుకి ఉన్న అతి గొప్ప మర్యాద. అర్జెంటీనాలో 1995లో బెర్నాల్ అనే చోట కొద్దిమంది ఇరుగుపొరుగుతో మొదలైన మారకం క్లబ్బులు, 2002 సంక్షోభం నాటికి లక్షలమందికి కూడు పెట్టాయి. ముఖాలు తెలియనంత పెద్దవయ్యాక దొంగ కూపన్లు, అడ్డూ అదుపూ లేని అచ్చు మొదలై కుప్పకూలాయి. చిన్నదిగా ఉంటే బయటివాణ్ణి రానివ్వదు, రానిస్తే నిలబడదు. నాకు తెలిసినంతలో ఈ ముడిని ఎవరూ విప్పలేదు.

నిజానికి రెండు డబ్బుల కాపురం మా ప్రాంతానికి కొత్త కాదు. ఇల్లెందు, పాల్వంచ నిజాం రాజ్యం. గోదావరి దాటితే భద్రాచలం, అది బ్రిటిష్ వాళ్ళ మద్రాసు ప్రెసిడెన్సీ. ఇటువైపు హాలీ సిక్కా, అటువైపు కల్దారు రూపాయి. ఆరు కల్దార్లకి ఏడు హాలీలు. అంటే రాములవారి కల్యాణానికి ఇటునుంచి వెళ్ళేవాడు ఏరు దాటగానే అతని వందలో ఏడోవంతు మాయం. హాలీ సిక్కా 1950ల చివరిదాకా చలామణిలో ఉంది. 1959లో అది పూర్తిగా పోయింది. భద్రాచలం తూర్పు గోదావరి నుంచి ఖమ్మం జిల్లాలోకి వచ్చిందీ ఆ ఏడే. పెళ్ళిళ్ళలో నూటపదహార్లు చదివించడం ఈ మారకం నుంచే వచ్చిందని పెద్దవాళ్ళు అంటారు: వంద కల్దార్లకి నూటపదహారు హాలీలు, పైన పది అణాల ఎనిమిది పైలు. ఆ కథ నిజమో కాదో గానీ లెక్క మాత్రం సరిపోతుంది.

చదివింపులు కూడా ఒక మారకం వ్యవస్థే కదా. పందిట్లో ఒకరు పుస్తకం పట్టుకుని కూర్చుంటారు. ఎవరెంత ఇచ్చారో రాస్తారు, కొన్నిచోట్ల మైకులో చదువుతారు కూడా. మనింట్లో పెళ్ళికి వాళ్ళు 516 చదివిస్తే, వాళ్ళింట్లో పెళ్ళికి మనం పాత పుస్తకం తీసి చూసి, కొంచెం పైన వేసి చదివిస్తాం. పెళ్ళి ఖర్చుకి ఊరంతా కలిసి ఇచ్చే వడ్డీ లేని అప్పు, పాతికేళ్ళ గడువుతో. మా పెద్దావిడ మైనస్‌ని అందరికీ చూపించి నేను చేసిన తప్పు, ఆ మైకు ఎప్పటినుంచో చేస్తోంది. పదిమందిలో తన అంకె చదువుతారని పెళ్ళికే రాకుండా ఆగిపోయిన మా దూరపు బాబాయి ఒకాయన నాకు తెలుసు.

ఇక తాతయ్య పుస్తకం. ముందువైపు బదులు లెక్కలు అన్నాను కదా. దాన్ని తిరగేసి వెనకవైపు నుంచి తెరిస్తే వేరే పుస్తకం ఉంది. అక్కడ రాసినవన్నీ కోయవాళ్ళ పేర్లు. లెక్క పేరు నాగు.

నాగు అంటే గింజల అప్పు. ఆషాఢంలో, ఇంట్లో గింజలు అయిపోయి కొత్త పంట ఇంకా రానప్పుడు, బస్తా జొన్నలు తీసుకుంటారు. పంట వచ్చాక బస్తాన్నర కొలుస్తారు. నాలుగైదు నెలల్లో ఒకటికి ఒకటిన్నర. ఇక్కడా డబ్బు లేదు, కాగితం ముక్క లేదు, ముఖాలు తెలిసినవాళ్ళే, ఊళ్ళో వాళ్ళే. వస్తుమార్పిడిని అభిమానించేవాళ్ళు కోరుకునే లక్షణాలన్నీ ఉన్నాయి. సంతల్లో కూడా అంతే జరిగేది: ఇప్పపూవుకి ఉప్పు, చింతపండుకి గుడ్డ. మానికలో పూవు గుమ్మటంగా పోయించుకుని, ఉప్పుని అంచు దాకా గీసి ఇచ్చే వ్యాపారులు. నిజాం ప్రభుత్వం గిరిజనుల స్థితి చూడమన్న హైమెండార్ఫ్, గోదావరి ఒడ్డు కొండరెడ్ల మీద 1945లో వచ్చిన తన పుస్తకంలో, కలప వ్యాపారులు బయానాలతో వాళ్ళని ఎలా కట్టిపడేశారో రాశాడు. 1956లో గిరిజన సహకార సంస్థ పుట్టిందీ, 1979లో ఏజెన్సీలో అటవీ ఉత్పత్తుల కొనుగోలుకి దానికే హక్కు ఇస్తూ నిబంధన తెచ్చిందీ ఇందుకే. డిపోలో కాటా ఉంటుంది, రేటు గోడ మీద ఉంటుంది. ఆ సంస్థ మీద ఎన్ని విమర్శలున్నా, గోడ మీద రేటు చిన్న విషయం కాదు. తునికాకు కట్ట అంటే యాభై ఆకులు, కట్టకి ఇంత. ఆ 'ఇంత' చాలదని జనం కలిసి అడగగలిగారు, సమ్మెలు చేయగలిగారు. మా తాత దయ చాలదని ఎవరు సమ్మె చేస్తారు?

ముందువైపు బదులులో మా లాగా వలస వచ్చిన ఇళ్ళే ఉన్నాయి. ఒక్క కోయ ఇల్లు లేదు. వాళ్ళు నాటుకి వస్తే కూలి, గింజలకి వస్తే నాగు. వాళ్ళ పొలానికి మా అమ్మావాళ్ళు ఎప్పుడూ నాటుకి పోలేదు. అడిగితే అమ్మ కాస్త ఆశ్చర్యంగా చూసి, "వాళ్ళకి మనం బదులుకి పోవడమేంది?" అంది.

అప్పుడు మా అపార్ట్‌మెంట్ మీటింగు గుర్తొచ్చింది. చివరి మీటింగులో ఒకమ్మాయి అడిగింది, వాచ్‌మన్ కుటుంబాన్నీ, మెట్లు కడిగే అక్కల్నీ యాప్‌లో ఎందుకు చేర్చలేదని. అందరం కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఎవరో, "వాళ్ళకి జీతం ఇస్తున్నాం కదండీ" అన్నారు. ఆ ఎవరో నేనే. రాసుకుంటున్నప్పుడు కూడా ఎవరో అని రాయాలనిపించింది, చూశారా.

ఇదే గింజల అప్పు వేరేగా కూడా ఉండొచ్చని జహీరాబాద్ ఆడవాళ్ళు చూపించారు. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాలు 1990ల్లో బీడుపడ్డ భూములు సాగులోకి తెచ్చుకోవడానికి సభ్యులకి అప్పు ఇచ్చాయి. తిరిగి చెల్లింపు డబ్బుగా కాదు, కొన్నేళ్ళపాటు జొన్నలుగా. ఆ జొన్నలు ఊళ్ళోనే దాచి, గింజల కరువు నెలల్లో బాగా లేనివాళ్ళకి తక్కువ ధరకి అమ్మారు. ఎవరు బాగా లేనివాళ్ళో ఊరే కూర్చుని తేల్చింది. ఎక్కువమంది దళిత స్త్రీలు. జొన్నలవే, అప్పూ అదే, ఆషాఢమూ అదే. గాదె తాళం ఎవరి మొలలో ఉందన్నదే తేడా. ఈ ప్రత్యామ్నాయ డబ్బు గురించి చదివేటప్పుడు నేను ఎప్పుడూ నోటు డిజైను చూసేవాణ్ణి: వడ్డీ ఉందా, కరుగుతుందా, అందరి గంటా ఒక్కటేనా. ఆ తాళం గురించి అడగాలని తట్టలేదు.

పుస్తకం వెనకవైపు చివరి పేజీల్లో ఒక ఇంటి లెక్క ఉంది. పేరు ఇక్కడ రాయను. 1965లో రెండు బస్తాల జొన్నలు. ఇవ్వలేకపోయారు. మరుసటి ఏడు మూడు అని రాసి ఉంది. తర్వాత నాలుగున్నర. 1968లో ఆరూ ముప్పావు. ఆ పక్కన అడ్డంగా ఒక గీత కొట్టి, ఒకే ఒక్క మాట: చెలక.

ఇంటి వెనక ఇప్పచెట్టు ఉన్న చేను మాది అని మాత్రమే నాకు తెలుసు. సెలవుల్లో ఆడుకున్న చేను. గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1959 నాటి నిబంధన 1963లో తెలంగాణ ప్రాంతానికి వర్తించింది. దాన్ని గట్టిపరిచిన 1970 నాటిదే అందరికీ తెలిసిన వన్ ఆఫ్ సెవెంటీ. దాని ప్రకారం ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి, అతను రుజువు చేసుకోనంతవరకూ, గిరిజనుడి దగ్గర నుంచి వచ్చిందనే భావించాలి. మా విషయంలో రుజువు తాతయ్యే ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిపెట్టి పోయాడు. ఆయన దాచుకోలేదు. తప్పు చేస్తున్నానని ఆయనకి తట్టి ఉండదు. ఆయన దృష్టిలో లెక్క చెల్లయింది.

రెండు నాట్ల బాకీ చావు తర్వాత కూడా మిగిలి ఉంటుందని ఆ ఊరు నమ్ముతుంది. అందుకే ఆయన వచ్చి చెప్పాడు, అందుకే మామయ్య కాదనలేదు. మరి ఇది? ఈ పేజీ మామయ్యకి చూపించాను. చాలాసేపు చూశాడు. "వాళ్ళ మనవడు ఇక్కడే ఉన్నాడు. ఏటా పత్తికి వస్తాడు" అన్నాడు. ఏ చేనుకి అని అడిగాను. మామయ్య ఇప్పచెట్టు వైపు చూశాడు. కూలి ఎంతిస్తారు అంటే, "ఊళ్ళో అందరికీ ఎంతో అంతే. ఫోన్‌లోనే కొడతా, ఆలస్యం చెయ్యను" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతులో ఏదో తనని తాను సమర్థించుకుంటున్నట్టు ఉంది. తర్వాత, "నువ్వు పట్నంలో ఉంటావు, చెప్పిపోతావు. నాకు ఆ మూడెకరాలు తప్ప ఏముందిరా" అన్నాడు. అదీ నిజమే. నాకు ఎదురు చెప్పడానికి ఏమీ దొరకలేదు. ఆ చేను మీద వచ్చిన పత్తి డబ్బుతోనే నా మొదటి సంవత్సరం ఇంజనీరింగు ఫీజు కట్టారు, ఆ సంగతి కూడా ఎక్కడా రాసి లేదు.

అమ్మ పుస్తకాన్ని మళ్ళీ అటక మీద పెట్టమంది. నేను బ్యాగులో పెట్టుకుని తెచ్చేశాను. పత్తి మొదటి ఏరుడు దసరా తర్వాత ఉంటుందట. ఆ రోజుల్లో నాలుగు రోజులు సెలవు పెట్టాను. మామయ్యకి ఫోన్ చేసి వస్తున్నానని చెప్తే, "పుస్తకం తెస్తున్నావా?" అని అడిగాడు. తెస్తున్నానన్నాను. కాసేపు ఆగి, "సరే, రా. అతన్ని ఆ రోజు ఇంటికి అన్నానికి పిలుస్తా" అన్నాడు.